లోపలి దిద్దుబాటు

తెలుగు పాఠం చెప్పేవాడి జీవితంలో సగం దిద్దడంతోనే గడిచిపోతుంది. ఈ ఇరవయ్యేళ్లలో నేను దిద్దిన కాగితాలన్నీ వరసగా పరిస్తే మా ఇంటి దగ్గర్నుంచి రైలు స్టేషను దాకా వస్తాయేమో! అన్ని కాగితాలు దిద్దాక నాకు తేలిన సంగతి ఒకటుంది: దిద్దుబాట్లు రెండు జాతులు. మాటలో ఒక వత్తు తప్పితే దాని మీద ఎర్రగీత గీసి పక్కన వత్తు పెట్టేస్తాం. అది పై దిద్దుబాటు. వాక్యం మొదట్లో కర్త ఒకరూ, చివర క్రియ ఇంకొకరిదీ అయి కూర్చుంటే మటుకు ఎర్రగీతతో పని జరగదు. మాటలన్నీ విడదీసి, ఏది దేనికి అతకాలో చూసి, మళ్లీ కూర్చాలి. అది లోపలి దిద్దుబాటు. మొదటిదానికి సిరా చాలు. రెండోదానికి ఓపిక కావాలి.

ఈ తేడాని ఇంకా స్పష్టంగా చూపించే చోటు ఒకటి ఈమధ్య నా కంటబడింది. అది త్రీడీ బొమ్మలు చేసే కంప్యూటరు తెర. 'తెలుగు మేష్టారికి ఆ తెరతో పనేమిటి?' అని మీరడగవచ్చు. పని మా అమ్మ పెట్టింది. ఆ సంగతి కాస్సేపట్లో చెబుతాను. ముందు ఆ తెర మీద వుండే వస్తువేమిటో చూద్దాం.

సినిమాలో ఎగిరే గుర్రమూ, పిల్లలాడే ఆటలో పరుగెత్తే కారూ, పునాది తవ్వకముందే బిల్డరుగారు మనకి చూపించే మూడంతస్తుల మేడా — ఇవన్నీ ఒక జాతివే. వీటిని మోడళ్లంటారు. కంప్యూటరుకి గుర్రమంటే ఏమిటో, మేడంటే ఏమిటో తెలియదు పాపం. దానికి తెలిసినవి బిందువులు. ఒక్కొక్క బిందువుకి మూడేసి అంకెలు: అడ్డంగా ఎంత, నిలువుగా ఎంత, ఎత్తుగా ఎంత అని. రెండు బిందువుల్ని కలిపితే అంచు. మూడో నాలుగో అంచులు చుట్టూ చేరి మూసుకుంటే ఒక ముఖం. అల్లాంటి ముఖాలన్నీ కలిసి వస్తువు మీద వలలాగా పరుచుకుంటాయి. దాని పేరు కూడా వలే. ఇంగ్లీషువాళ్లు 'మెష్' అంటారు. లోపల కర్రా లేదు, మట్టీ లేదు. వట్టి డొల్ల.

అన్నిటికన్నా చిన్న పాఠం ఘనం. లూడో ఆటలో పాచిక వుంటుందే, అది. దానికి బిందువులు 8, అంచులు 12, ముఖాలు 6. ఎనిమిదిలోంచి పన్నెండు తీసేసి ఆరు కలిపితే 2 వస్తుంది. చిల్లులేని ఏ మూసిన ఆకారానికైనా సరే, ఈ లెక్క 2 మీదే తేలుతుందని 18వ శతాబ్దంలో ఆయిలర్ అనే గణితవేత్త పట్టుకున్నాడు. పిరమిడ్ కట్టి చూసుకోండి, కావాలంటే. రెండువందల యాభై ఏళ్లకి పైబడిన ఆ లెక్క, తెర మీది వల సరిగ్గా అల్లుకుందా లేదా చూసుకోవడానికి ఇవాళ్టికీ పనికొస్తోంది.

ఈ విద్య నిన్న మొన్న పుట్టింది కాదు. 1963లో అమెరికాలోని ఎమ్మైటీలో ఐవాన్ సదర్లాండ్ అనే విద్యార్థి, తెర మీద కాంతి కలంతో గీతలు గీసి, గీసిన గీతని మళ్లీ పట్టుకుని సవరించే 'స్కెచ్‌ప్యాడ్' తయారుచేశాడు. తరవాత యూటా విశ్వవిద్యాలయంలో ఎడ్విన్ కాట్మల్ అనే కుర్రవాడు 1972లో తన చేతికి అచ్చు పోయించి, ఆ అచ్చు మీద సిరాతో సుమారు 350 ముఖాలు గీసి, ఒక్కొక్క మూలా ఎక్కడుందో కొలిచి కంప్యూటరుకి అప్పజెప్పాడు. తెర మీద ఆ చెయ్యి వేళ్లు ముడిచింది. 1975లో అదే విశ్వవిద్యాలయంలో మార్టిన్ న్యూవెల్ తన ఇంట్లో టీ కూజాని చూస్తూ గ్రాఫు కాగితం మీద గీసి, అంకెలు ఎక్కించాడు. ఆ కూజా కంప్యూటరు బొమ్మల లోకంలో ఎంత పేరు మోసిందంటే, అసలు కూజాని కాలిఫోర్నియాలోని కంప్యూటరు చరిత్ర మ్యూజియంలో భద్రపరిచారు. మన ఇళ్లల్లో కాఫీ ఫిల్టర్లకి అంతటి యోగం ఎప్పుడు పడుతుందో!

* * *

ఇక మా అమ్మ సంగతి.

అమ్మకి కుంకుమ భరిణె ఒకటుంది. ఏటికొప్పాక లక్క సామాను. అంకుడు కర్రని తరిమెన మీద తిప్పుతూ చెక్కి, తిరుగుతూ వుండగానే లక్క పట్టించిన ఎర్ర భరిణె. వాళ్లమ్మ ఇచ్చింది. మేము ఇల్లు మారినప్పుడు ఆ భరిణె మూత ఎక్కడో జారిపోయింది. కొత్తది కొనిస్తామంటే అమ్మ వద్దంది. అమ్మకి ఒక కన్ను బొత్తిగా కనిపించదు, రెండో కంటికి మసక. పూజ దగ్గర వస్తువులన్నీ ఆవిడ చేత్తోనే చూసుకుంటుంది. ఆ మూత మీద బుడిపె పక్కన ఒక గీత వుండేదట. బొటనవేలికి ఆ గీత తగిలితే, మూత సరిగ్గా కూర్చుందని గుర్తు. "కొత్త భరిణె నాకెల్లా తెలుస్తుందిరా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

మా మేనకోడలు ఇంజనీరింగు మూడో ఏడు చదువుతోంది. సెలవలకి మా ఇంటికొచ్చింది. మా బావగారి దృష్టిలో అది తెర ముందు కూర్చుందంటే ఆటలాడుతున్నట్టే లెక్క. "మామయ్యా, ఆ మూత నేను చేస్తాను. అమ్మమ్మని గీత ఎక్కడుండేదో చెప్పమను" అంది. చెప్పడం ఎల్లా? అమ్మ వంటింట్లోకి వెళ్లి చపాతీ పిండి ముద్ద తెచ్చి, మూతలాగా ఒత్తి, బొటనవేలి గోటితో గీత పెట్టి చూపించింది. కాట్మల్ చేతి అచ్చు కథ అప్పుడే నాకు జ్ఞాపకం వచ్చింది.

పిల్ల వాడిన సాఫ్ట్‌వేర్ పేరు బ్లెండర్. పచ్చడి రుబ్బేది కాదు లెండి. హాలెండు దేశంలో టోన్ రోజెండాల్ అనే ఆయన మొదలుపెట్టింది. దాన్ని నడిపే కంపెనీ మూతబడితే, వాడుకునేవాళ్లంతా చందాలు వేసుకుని లక్ష యూరోలు పోగుచేసి, 2002లో దాన్ని లోకానికంతటికీ ఉచితం చేయించారు. 2024లో వచ్చిన 'ఫ్లో' అనే లాత్వియా సినిమా — ఒక్క మాటా లేని పిల్లి కథ — దీనితోనే తయారై, 2025లో ఆస్కారు బహుమతి కూడా తెచ్చుకుంది. డబ్బు పెట్టి కొనని పనిముట్టు కదా అని చులకన చెయ్యడానికి లేదన్నమాట.

ఇందులో రెండు గదులున్నాయి. ఒక గదిలో వస్తువుని వస్తువులాగా పట్టుకుంటాం: జరుపుతాం, తిప్పుతాం, పెద్దదో చిన్నదో చేస్తాం. దాని పేరు ఆబ్జెక్ట్ మోడ్. టాబ్ మీట నొక్కితే రెండో గది తలుపు తెరుచుకుంటుంది: ఎడిట్ మోడ్. అక్కడ వస్తువు పోయి వల కనిపిస్తుంది. ఏ బిందువుని పట్టుకుంటే ఆ బిందువు, ఏ అంచుని పట్టుకుంటే ఆ అంచు కదులుతాయి. నేను మొదట్లో చెప్పిన పై దిద్దుబాటూ, లోపలి దిద్దుబాటూ అచ్చంగా ఇవే!

లోపలి గదిలో పనిముట్లు చాలా వున్నాయి గాని, ముఖ్యమైనవి మన వంటింటి పనులే. ఒక ముఖాన్ని పట్టుకుని బయటికి లాగితే జంతికల గొట్టంలోంచి పిండి వచ్చినట్టు కొత్త గోడలు వస్తాయి, అది ఎక్స్‌ట్రూడ్. ముఖంలోపల అంచు వదిలి చిన్న ముఖం చెయ్యడం ఇన్‌సెట్. పూర్ణం పెట్టేముందు పిండి మధ్య నొక్కి చోటు చేసినట్టు. వస్తువు చుట్టూ ఒక కొత్త గీత వడ్డాణంలాగా తిప్పడం లూప్ కట్.

భరిణె మూత గుండ్రటిది కనక పిల్ల సగం అంచు రేఖే గీసింది, 11 బిందువులతో. ఆ రేఖని ఇరుసు చుట్టూ 32 అడుగుల్లో తిప్పమంది. ఏటికొప్పాక తరిమెన చేసే పనే ఇదీను. కాకపోతే అక్కడ కర్ర తిరుగుతుంది, ఉలి నిలకడగా వుంటుంది; ఇక్కడ రేఖే తిరుగుతుంది. క్షణంలో మూత తయారు. బుడిపెతో సహా ముచ్చటగా వుంది.

"అయిపోయినట్టేనా?" అన్నాను.

"అప్పుడేనా మామయ్యా!" అంది.

11 బిందువులు 32 సార్లు తిరిగితే 352. అయితే వాటిలో ఒక బిందువు ఇరుసు మీదే వుంది. అది ఎక్కడికీ కదలకుండా, ఒకేచోట 32 సార్లు పడి కూర్చుంది. కంటికి ఒకటే చుక్క! లోపల ముప్ఫయి రెండు. ఇల్లాంటివాటిని విడిచిపెడితే అక్కడ వల అతకదు. చూడ్డానికి మూసుకున్నట్టున్నా నిజానికి తెగి వుంటుంది. నునుపు చేసేటప్పుడు అక్కడే విచ్చుకుంటుంది. దగ్గర దగ్గరున్న బిందువుల్ని ఒకటి చేసే ఆజ్ఞ ఒకటుంది. పిల్ల అది నొక్కింది. 31 బిందువులు తీసేశానని తెర కింద చిన్న అక్షరాలతో కనిపించింది. మిగిలినవి 321. నాకు మహా సంతోషమైంది. రెండు అచ్చులు పక్కపక్కన చేరితే ఒకటే మిగలడమే కదా మా సంధి పాఠం!

ఇంకో చిక్కు కూడా వుంది. ప్రతి ముఖానికీ లోపలి వైపూ, బయటి వైపూ వుంటాయి. చొక్కాకి వున్నట్టే. ఏది బయటి వైపో కంప్యూటరుకి చెప్పేది బిందువుల వరస. బయట నుంచి చూస్తే ఆ వరస గడియారం ముల్లుకి ఎదురుగా తిరగాలి. ఒక ముఖంలో ఆ వరస తిరగబడితే, ఆ ముక్క చొక్కా తిరగేసి తొడుక్కున్నట్టు అవుతుంది. మామూలుగా చూస్తే తెలియదు. వైపులు చూపించమని అడిగితే, తిరగబడ్డ ముఖాలు ఎర్రగా కనిపిస్తాయి. ఎర్రసిరా అక్కడికీ వచ్చిందని నేను నవ్వుకున్నాను.

* * *

మూత మరీ ఎత్తుగా వుందనిపించి పిల్ల దాన్ని పై గదిలోనే, అంటే ఆబ్జెక్ట్ మోడ్‌లో, ఎత్తు సగానికి నొక్కేసింది. తరవాత డొల్లగా వున్న వలకి 2 మిల్లీమీటర్ల దళసరి ఇమ్మంది. తెర మీద ఏ లోపమూ లేదు. మా వూళ్లో త్రీడీ ప్రింటు చేసే దుకాణానికి పంపించి, మర్నాడు సాయంత్రానికి మూత తెచ్చుకున్నాం. అమ్మ చేతిలోకి తీసుకుని బొటనవేలితో నొక్కింది. నడినెత్తిన పటుక్కుమని చీలింది. పిల్ల మొహం చిన్నబోయింది. అమ్మ మాత్రం, "పోనీలేవే, అప్పడం బాగానే చేశావు" అంది.

కారణమేమిటో పిల్ల ఆ రాత్రే పట్టుకుంది. పై గదిలో నొక్కినప్పుడు లోపలి బిందువుల అంకెలు మారనే లేదు. 'ఎత్తు సగం చేసి చూపించు' అని వస్తువు నుదుట ఒక చీటీ అంటించినట్టు అయింది, అంతే. లోపల వల ఇంకా పాత ఎత్తులోనే వుంది. దళసరి ఆ పాత ఎత్తుకి పడింది. ఆ తరవాత చీటీ వచ్చి దాన్ని కూడా సగం చేసింది. పక్కగోడలు 2 మిల్లీమీటర్లు వున్నాయి గాని, పైకప్పు 1 మిల్లీమీటరే మిగిలింది! పై గదిలో చేసిన మార్పుని లోపలి అంకెల్లో కలిపేసే ఆజ్ఞ వుంది, 'అప్లై' అంటారు. అది నొక్కగానే చీటీ పోయి, బిందువులే కొత్తచోట్లకి జరిగాయి. దళసరి అన్నివైపులా సమానమైంది.

ఈ ఒక్క సంగతీ పెద్దవాళ్లం మనమంతా వినదగ్గది. ఇంట్లో, కాలేజీలో, ఆఫీసులో మనం చేసే సంస్కరణల్లో ఎన్ని చీటీలో, ఎన్ని నిజంగా లోపలి అంకెలు మార్చినవో లెక్క చూసుకుంటే తెలుస్తుంది. చీటీ అంటించినంతకాలం పైకి అంతా బాగానే వుంటుంది. బొటనవేలు పెట్టి నొక్కిననాడే బయటపడుతుంది.

తరవాత గీత. నాలుగు ముఖాలు ఎంచుకుని, వాటి లోపల చిన్న ముఖాలు చేసి, 1 మిల్లీమీటరు లోపలికి నెట్టింది. ఆ పైన మూతంతా నునుపు చేసింది. ఈ నునుపు చేసే పద్ధతిని 1978లో కాట్మల్, క్లార్క్ అనే ఇద్దరు ప్రకటించారు. కాట్మల్ అంటే చేతి అచ్చు పోయించిన ఆయనే. కిటుకు చిన్నది: ప్రతి ముఖం మధ్యా, ప్రతి అంచు మీదా కొత్త బిందువు పుట్టించి, పాతవాటినీ కొత్తవాటినీ ఇరుగుపొరుగుల సగటు చొప్పున జరపడం. ఘనానికి వున్న 6 ముఖాలు ఒకసారికి 24, రెండోసారికి 96, మూడోసారికి 384 అవుతాయి. మూలలన్నీ అరిగి దాదాపు బంతిలాగా తయారవుతుంది. 2019 సంవత్సరానికి ట్యూరింగ్ బహుమతి అందుకున్న ఇద్దరిలో కాట్మల్ ఒకడు.

సగటు తీసే పద్ధతికి ఒక దోషం తప్పదు: పదును కూడా పోతుంది. తెర మీద గీత చూసి పిల్ల తృప్తిపడింది గాని, చీలిన మూత మీద అదే గీతని తడిమిన అమ్మ ఏనాడో తేల్చేసింది: "ఇది గీత కాదే, లొత్త. వేలు జారిపోతోంది." గీత పదునుగా నిలవాలంటే దాన్ని ఇంకా లోతుగా తవ్వడం కాదట మార్గం. దాని అంచుకి ఇటూ అటూ బాగా దగ్గరగా ఒక్కొక్క కొత్త గీత తిప్పాలిట. పక్కన దగ్గరి తోడు వుంటే, సగటు తీసినా అంచు ఎక్కువ దూరం జరగదు. తోడు దూరంగా వుంటే జారిపోతుంది. పిల్ల ఆ రెండు గీతలూ తిప్పింది. లొత్త గీతయింది. ఎక్కడ నునుపు కావాలో అక్కడ బిందువులు పల్చగా, ఎక్కడ పదును కావాలో అక్కడ దగ్గరగా వుండాలి. విద్యంతా ఇందులోనే వుంది.

తెలియనివాళ్లు బిందువులు ఎక్కువైనకొద్దీ బొమ్మ గొప్పదవుతుందనుకుంటారు. పని తెలిసినవాళ్లు దీనికి ఒప్పుకోరు. బిందువులు ఎక్కువైతే దిద్దేటప్పుడు నరకం. చెంప కాస్త నొక్కాలంటే నాలుగు బిందువులు జరిపితే చాలాల్సింది, నాలుగొందలు జరపాలి. ఒకటి మరిచిపోతే అక్కడ మొటిమ లేస్తుంది. నాలుగు మాటలు టైపు చేస్తే త్రీడీ బొమ్మ తయారుచేసి ఇచ్చే కృత్రిమ మేధ యంత్రాలు ఇప్పుడు వచ్చాయి. చూడ్డానికి బొమ్మ బాగానే వుంటుంది గాని, లోపల చూస్తే ఎక్కువగా వరసా వావీ లేని త్రిభుజాల గుంపు. దాన్ని వాడుకోవాలంటే దాని మీద చక్కటి కొత్త వల మళ్లీ అల్లుకోవలసిందే. అతిగా రాసిన జవాబు పత్రాన్ని దిద్దడంకన్నా కొత్తగా రాయించడం తేలికని నాకు అనుభవమే.

రెండో మూత సరిగ్గా కూర్చుంది. అమ్మ నాలుగు రోజులు వాడి, ఒక అభ్యంతరం చెప్పింది: "గీతలో కుంకం నిలుస్తోందే, వేలికి అంటుతోంది." పిల్ల లోపలి గదిలోకి వెళ్లి, గీత అడుగున వున్న బిందువులు పట్టుకుని పైకి జరిపింది. 1 మిల్లీమీటరు లోతు 0.6 అయింది. రెండు నిమిషాల పని. కర్ర మీద ఒకసారి లోతుగా చెక్కితే ఆ కర్ర మళ్లీ రాదు. ఇక్కడ ఏ బిందువూ తుదిమాట కాదు. ఆ మాటకొస్తే ఏటికొప్పాక పనివాడి చేతికి ఇది సాటి అని నేననడం లేదు. ఆ మూత మీది గీత ఏళ్ల తరబడి అరిగిన నునుపు అంకెలకి అందదు. అయినా అమ్మ కుంకుమ భరిణెకి మూత వుంది. మూడో మూత పూజగదిలో వుంది, రెండోది మా బావగారికి పంపించాం. 'ఆట' అని ఆయన తరవాత అనలేదు.

కాబట్టి ఇంట్లో ఈ విద్య నేర్చుకునే పిల్లలున్న పెద్దలకి ఒక మనవి. వాళ్లు బొమ్మ చూపిస్తే 'భలే వుంది' అని వూరుకోకండి. "వల చూపించు" అనండి. బిందువులు ఎక్కడ పల్చగా వున్నాయి, ఎక్కడ దగ్గరగా వున్నాయి, ఎందుకూ అని అడగండి. జవాబు చెప్పగలిగితే ఆ పిల్లకో పిల్లవాడికో పని పట్టుబడుతున్నట్టే.

మీకే సరదా వుంటే చిల్లుగారెతో మొదలుపెట్టండి. బ్లెండర్‌లో ఆ ఆకారం తయారుగానే దొరుకుతుంది, టోరస్ అంటారు. తెచ్చి పెట్టుకుని, అంకెలు చూపించమనండి. మార్చకుండా వుంటే బిందువులు 576, అంచులు 1152, ముఖాలు 576. ఆయిలర్ లెక్క వేస్తే 2 రాదు, సున్న వస్తుంది. గాభరా పడకండి, మధ్యలో చిల్లు వుంది కనక అల్లాగే రావాలి. సున్న వచ్చినందుకు సంతోషించదగ్గ పరీక్ష నా ఇరవయ్యేళ్ల ఉద్యోగంలో నాకు కనిపించింది ఇదొక్కటే.